పంట ఓడెక్కింది, వంట ఒడ్డునే ఉండిపోయింది

1861లో ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతంలో, కూపర్ క్రీక్ అనే వాగు పక్కన ముగ్గురు అన్వేషకులు రోజూ కడుపునిండా తింటూనే చిక్కి శల్యమయ్యారు. రాబర్ట్ బర్క్, విలియం విల్స్, జాన్ కింగ్ వాళ్ల పేర్లు. ఖండాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి దాటి తిరిగొచ్చేసరికి వెంట తెచ్చుకున్న తిండి అయిపోవచ్చింది. అక్కడి యాండ్రువాంధా ప్రజలు నార్డూ అనే ఫెర్న్ మొక్క కాయల పిండితో రొట్టెలు చేసుకోవడం చూసి, వీళ్లూ ఆ కాయలు ఏరుకుని, దంచి, వండుకుని తిన్నారు. ఆకలి తీరేది, కాళ్లలో సత్తువ మాత్రం రోజురోజుకీ పోయేది. ఈ వింతను విల్స్ తన డైరీలో రాసుకున్నాడు కూడా. చివరికి బర్క్, విల్స్ చనిపోయారు. యాండ్రువాంధా వాళ్ల దగ్గరకు చేరి, వాళ్లు పెట్టింది తిన్న కింగ్ బతికి బయటపడ్డాడు. సెప్టెంబరులో వెతుక్కుంటూ వచ్చిన బృందానికి అతనొక్కడే దొరికాడు.

నార్డూలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది తిండిలోని బి1 విటమిన్‌ను పనికిరాకుండా చేస్తుంది. బి1 అందకపోతే నరాలు, గుండె దెబ్బతింటాయి. స్థానికులు ఆ కాయల్ని కాల్చి, బోలెడు నీళ్లతో నూరి వాడేవారు. ఆ రెండు పనులతో హాని చాలావరకు తగ్గుతుంది. అన్వేషకులు ఆ పనులు సరిగా చేయకపోవడం వల్లే ప్రాణాల మీదకు వచ్చిందని 1990లలో వచ్చిన ఒక విశ్లేషణ వాదించింది. పస్తులు, చలి, అలసట కూడా తోడయ్యే ఉంటాయి. అయినా అసలు సంగతి మారదు. వాళ్లు మొక్కను గుర్తుపట్టడం నేర్చుకున్నారు, వండడం నేర్చుకోలేదు.

ఆహార చరిత్ర అనగానే మామూలుగా చెప్పే కథలో నిప్పు ఉంటుంది, వ్యవసాయం ఉంటుంది, రాజుల విందులుంటాయి, మిరియాల కోసం సముద్రాలు దాటిన ఓడలుంటాయి. ఏ కూరగాయ ఏ ఖండం నుంచి వచ్చిందన్న వివరం కూడా ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ కథలో పంటల ప్రయాణానికి ఉన్న చోటు వంట పద్ధతుల ప్రయాణానికి ఉండదు. విత్తనాన్ని ఎవరైనా సంచిలో వేసుకుని తీసుకుపోవచ్చు. దాన్ని తినదగిన తిండిగా మార్చే పని వండేవాళ్ల చేతుల్లో ఉంటుంది. అది రావాలంటే ఆ మనుషులు రావాలి, లేదా వచ్చినవాళ్లు ఆ వంటింట్లో కూర్చుని నేర్చుకోవాలి. ఈ రెండూ జరగని చోట జనం రోగాలపాలయ్యారు.

పొలం కన్నా రొట్టె పాతది

మొదటి వంట ఎప్పుడు మొదలైందన్నది తేలని తగువే. దక్షిణాఫ్రికాలోని వండర్‌వర్క్ గుహలో సుమారు 10 లక్షల ఏళ్ల నాటి నిప్పు ఆనవాళ్లు దొరికాయి. వండిన తిండి వల్లే మనిషి పేగులు పొట్టివై, మెదడు పెద్దదైందని రిచర్డ్ రాంగమ్ అనే మానవశాస్త్రవేత్త వాదిస్తారు. ఆయన చెప్పే కాలం ఇంకా వెనక్కి, 18 లక్షల ఏళ్ల దాకా పోతుంది. అంత పాత నిప్పుకు గట్టి రుజువు లేదని మిగతావాళ్ల అభ్యంతరం. వాదన ఎటు తేలినా, ఉడికిన దుంప నుంచి పచ్చి దుంప కన్నా ఎక్కువ శక్తి అందుతుందన్నది మాత్రం నిజం. అరిగించే పనిలో కొంత భాగాన్ని మనిషి కడుపు బయటే చేయడం మొదలుపెట్టాడన్నమాట.

చైనాలోని షియాన్‌రెన్‌డాంగ్ గుహలో దొరికిన కుండ పెంకులు సుమారు 20 వేల ఏళ్ల నాటివి. జోర్డాన్ ఈశాన్యంలోని షుబైకా దగ్గర బయటపడిన మాడిన రొట్టె ముక్కలకు 14,400 ఏళ్ల వయసుంటుంది. అక్కడ వ్యవసాయం మొదలవడానికి దాదాపు 4 వేల ఏళ్ల ముందు మాట ఇది. అంటే అడవి గింజలు, దుంపలు ఏరుకొచ్చి, దంచి, పిండి చేసి, పిసికి, కాల్చడం జనానికి అప్పటికే తెలుసు. సాగు చేశాకే వండడం నేర్చుకున్నారని మనం అనుకుంటాం. ఇక్కడ వరుస తిరగబడింది. పొలం వేసుకోదగ్గ గింజ ఏదో తేల్చింది బహుశా వంటే.

అడవిలో దొరికే పిండి గింజలు, దుంపల్లో చాలావాటిని నేరుగా తినలేం. మొక్క తనను తాను కాపాడుకోవడానికి చేదో, వగరో, విషమో దాచుకుంటుంది. కాలిఫోర్నియా మూలవాసులు ఓక్ కాయల్ని పొడి చేసి, వగరు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడిగేవారు. ఆండీస్ పర్వతాల్లో చేదు బంగాళాదుంపల్ని రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు ఎండబెట్టి, కాళ్లతో తొక్కి నీరు పిండి, చూన్యో అనే ఎండు దుంపలు చేసేవారు. చేదూ విషమూ తగ్గడమే కాదు, అవి ఏళ్ల తరబడి నిల్వ ఉండేవి. ఇవేవీ ఒక్కరోజులో, ఒక్కరికి తట్టిన ఉపాయాలు కావు.

మొక్కజొన్న, సున్నపు నీళ్లు

వంటను వదిలేసి పంటను మాత్రమే పట్టుకుపోతే ఏమవుతుందో మొక్కజొన్నను చూస్తే తెలుస్తుంది. దక్షిణ మెక్సికోలో సుమారు 9 వేల ఏళ్ల క్రితం టియోసింటే అనే అడవి గడ్డి నుంచి ఈ పంట పుట్టింది. మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల్లో గింజల్ని సున్నం కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, కడిగి, తడిపిండి రుబ్బేవారు. ఈ పద్ధతి పేరు నిష్టమాల్. కనీసం 3 వేల ఏళ్లుగా ఉందని దొరికిన ఆనవాళ్లు చెబుతున్నాయి.

సున్నం వల్ల కంటికి కనిపించే లాభాలు కొన్నున్నాయి. గట్టి తొక్క ఊడి వస్తుంది, రుబ్బడం తేలికవుతుంది, పిండి జిగటగా ముద్ద కడుతుంది, రొట్టె విరగకుండా వస్తుంది. కనిపించని లాభం ఇంకొకటుంది. మొక్కజొన్నలో నయాసిన్ అనే బి3 విటమిన్ ఉన్నా, అది వేరే పదార్థాలతో బిగిసిపోయి ఉంటుంది, కాబట్టి ఒంటికి పట్టదు. సున్నపు క్షారం ఆ బిగింపును విడదీస్తుంది. దీనికి తోడు పక్కన చిక్కుడు గింజలు ఎటూ ఉండేవి. అందుకే వేల ఏళ్లు మొక్కజొన్న మీదే బతికిన ఆ ప్రాంతాల్లో నయాసిన్ లోపం పెద్ద సమస్య కాలేదు.

కొలంబస్ తర్వాత గింజలు స్పెయిన్ చేరాయి. అక్కడి నుంచి ఇటలీకి, బాల్కన్ ప్రాంతానికి, ఆఫ్రికాకి వెళ్లాయి. సున్నం మాత్రం వెళ్లలేదు. తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటే. యూరప్‌లో అప్పటికే నీటి మరలు, గాలి మరలు ఉన్నాయి. ఎంత గట్టి గింజైనా మరలో వేస్తే పిండవుతుంది. సున్నం చేసే పని మరే చేసిపెడుతుంటే, రాత్రంతా నానబెట్టే చాకిరీ ఎవరు పెట్టుకుంటారు? కనిపించే లాభానికి ఇంకో దారి దొరికింది కాబట్టి పద్ధతి అక్కర్లేదనిపించింది. దానితోపాటు ఎవరికీ తెలియని లాభం కూడా పోయింది.

1735లో స్పెయిన్‌లోని అస్తూరియాస్ ప్రాంతంలో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు పేద రైతుల్లో ఒక కొత్త జబ్బును గమనించాడు. ఎండ తగిలిన చోటల్లా చర్మం ఎర్రగా మారి పెచ్చులూడేది. తర్వాత విరేచనాలు, మతిభ్రమణం, చివరికి చావు. మెడ చుట్టూ గొలుసులా వచ్చే ఆ మచ్చల్ని ఇప్పటికీ కసాల్ పేరుతోనే పిలుస్తారు. ఇటలీలో ఈ జబ్బుకు పెల్లాగ్రా అనే పేరు స్థిరపడింది. మొక్కజొన్న సంకటి తప్ప మరో గతి లేని ఉత్తర ఇటలీ పల్లెల్లో ఇది పాకింది. 1880 ప్రాంతపు ప్రభుత్వ లెక్కల్లో రోగులు సుమారు లక్ష మంది. బూజు పట్టిన మొక్కజొన్నలోని విషమే కారణమని సెజారే లాంబ్రోసో లాంటి పెద్ద పండితులు వాదించారు. మొక్కజొన్న మీదే బతికే మెక్సికోలో ఈ జబ్బు ఎందుకు లేదన్న ప్రశ్న వేసినవాళ్లు తక్కువే.

20వ శతాబ్దం మొదట్లో ఇదే జబ్బు అమెరికా దక్షిణ రాష్ట్రాలను పట్టుకుంది. 1906 నుంచి 1940 దాకా సుమారు 30 లక్షల మందికి సోకి, లక్ష మంది చనిపోయారని అంచనా. అక్కడి మూలవాసులు మొక్కజొన్నను బూడిద నీళ్లలో ఉడికించేవారు. వలస వచ్చినవాళ్లు కొంతకాలం ఆ పద్ధతి నేర్చుకుని పాటించారు కూడా. తర్వాత పెద్ద మిల్లులు వచ్చాయి. పిండి ఎక్కువకాలం నిల్వ ఉండాలని గింజలోని మొలక భాగాన్నే తీసేశాయి, దానితో ఉన్న పోషకాలూ తగ్గాయి. పత్తి చేలు గుమ్మం దాకా వచ్చేయడంతో కౌలుదార్లకు కూరగాయల పెరడు కూడా మిగల్లేదు. మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, చెరకు మడ్డి. చాలా ఇళ్లలో ఏడాదిలో ఎక్కువ భాగం అదే భోజనం.

దీన్ని అంటువ్యాధి అని చాలామంది నమ్ముతున్న రోజుల్లో, 1914లో అమెరికా ప్రజారోగ్య శాఖ జోసెఫ్ గోల్డ్‌బర్గర్‌ను దర్యాప్తుకు పంపింది. ఆశ్రమాల్లో, ఆసుపత్రుల్లో రోగులకే జబ్బు వస్తోంది, వాళ్లను చూసుకునే సిబ్బందికి రావట్లేదని ఆయన గమనించాడు. మిసిసిపీ అనాథాశ్రమాల్లో పాలు, గుడ్లు, మాంసం, చిక్కుళ్లు పెట్టించగానే జబ్బు మాయమైంది. మరుసటి ఏడాది రాంకిన్ జైలు పొలంలో, క్షమాభిక్ష హామీ మీద ముందుకొచ్చిన ఖైదీలకు మొక్కజొన్న, తెల్ల పిండి, చక్కెరలతో నింపిన భోజనం పెట్టి చూశాడు. 11 మందిలో ఆరుగురికి పెల్లాగ్రా వచ్చింది. (ఈ రోజుల్లో ఏ నైతిక కమిటీ ఇలాంటి ప్రయోగానికి ఒప్పుకోదు.) అయినా వైద్యులు నమ్మకపోతే ఆయన, ఆయన భార్య, సహచరులు కలిసి రోగుల రక్తాన్ని తమ ఒంట్లోకి ఎక్కించుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. 1929లో ఆయన చనిపోయేనాటికి కూడా ఆ లోపం ఏ పదార్థానిదో తేలలేదు. 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ అది నయాసిన్ అని కుక్కల మీద ప్రయోగాలతో నిరూపించాడు.

వంట పద్ధతి పోవడం ఒక్కటే దీనికి కారణమని చెబితే అన్యాయమవుతుంది. మొక్కజొన్నతో పాటు పాలో మాంసమో తినగలిగినవాళ్లకు, సున్నం తగలని పిండి తిన్నా, పెల్లాగ్రా రాలేదు. పేదరికం మనిషిని ఒకే గింజకు కట్టేసినప్పుడే ఆ గింజను ఎలా వండాలన్నది చావు బతుకుల సమస్య అవుతుంది. గోల్డ్‌బర్గర్ కూడా కూలి రేట్లు, కౌలు పద్ధతి మారనిదే జబ్బు పోదని చెప్పాడు. ఆ మాట దక్షిణాది నాయకులకు నచ్చలేదు.

తెల్లబియ్యం కథ

మొక్కజొన్న విషయంలో వంట వెనకబడింది. బియ్యం విషయంలో యంత్రం ముందుకొచ్చి అదే పని చేసింది. తవుడు పూర్తిగా పోయేలా పాలిష్ పట్టిన బియ్యంలో బి1 విటమిన్ దాదాపు మిగలదు. జపాన్‌లో తెల్లన్నం ఒకప్పుడు డబ్బున్నవాళ్ల తిండి. పల్లెల నుంచి ఎడో (ఇప్పటి టోక్యో) నగరానికి వచ్చినవాళ్లకు కాళ్లు వాచి, తిమ్మిర్లెక్కేవి. ఊరికి తిరిగి వెళ్లి ముతక ధాన్యం తినగానే తగ్గిపోయేది. అదే బెరిబెరి. 19వ శతాబ్దం చివర్లో ఆవిరి మిల్లులు రావడంతో ఆగ్నేయాసియాలో కూలీలకు, ఖైదీలకు, సైనికులకు కూడా పాలిష్ బియ్యమే దక్కింది, దాంతో జబ్బు కూడా.

1883లో ర్యూజో అనే జపాన్ నౌక సుదీర్ఘ శిక్షణ యాత్ర ముగించుకుని వచ్చింది. 376 మందిలో 169 మందికి బెరిబెరి, 25 మంది మృతి. నౌకాదళ వైద్యుడు తకాకి కనెహిరో పట్టుబట్టి, 1884లో త్సుకుబా అనే మరో నౌకను అదే దారిలో, భోజనం మార్చి పంపించాడు. మాంసం, పాలు, రొట్టె పెంచి, బియ్యం తగ్గించాడు. ఈసారి చావులు లేవు, జబ్బుపడ్డవాళ్లు 14 మందే. తర్వాత బార్లీ కూడా చేర్చారు. తమాషా ఏమిటంటే తకాకి చెప్పిన కారణం తప్పు. మాంసకృత్తుల లోపం అనుకున్నాడాయన. కానీ భోజనం సరైనది కాబట్టి ఫలితం వచ్చింది. సైనికదళ వైద్యులు మాత్రం జర్మనీలో నేర్చుకున్న సూక్ష్మజీవుల సిద్ధాంతాన్నే పట్టుకుని, తెల్లన్నం ఆపడానికి ఒప్పుకోలేదు. 1904-05 రష్యా యుద్ధంలో జపాన్ సైనికులు సుమారు 27 వేల మంది బెరిబెరితోనే చనిపోయారు.

అదే కాలంలో మలయాలో (ఇప్పటి మలేషియా) బ్రిటిష్ వైద్యులకు ఇంకో వింత కనిపించింది. పాలిష్ బియ్యం తినే చైనా కూలీలకు బెరిబెరి వస్తోంది, పక్కనే ఉన్న తమిళ కూలీలకు రావట్లేదు. తమిళులు తినేది ఉప్పుడు బియ్యం. కౌలాలంపూర్ మానసిక చికిత్సాలయంలో విలియం ఫ్లెచర్ రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పాలిష్ బియ్యం, రెండో గుంపుకు ఉప్పుడు బియ్యం పెట్టి చూశాడు. జబ్బు దాదాపు మొదటి గుంపులోనే వచ్చింది. వడ్లను నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు తవుడులోని బి1 గింజ లోపలికి దిగుతుంది, ఆ తర్వాత తవుడు తీసేసినా కొంత మిగిలే ఉంటుంది. ఈ పద్ధతి పాటించినవాళ్లు చెప్పే కారణాలు వేరు. దంచితే నూక కాదు, పురుగు పట్టదు. సున్నంలో ఉడికించే వాళ్లు రొట్టె విరగదని చెప్పినట్టే ఇదీ. పద్ధతిని తరతరాలు నిలబెట్టింది ఒక లాభం, ప్రాణాలు నిలబెట్టింది ఇంకో లాభం. పాత పద్ధతుల్లో ఏది పనికొచ్చేది, ఏది వట్టి అలవాటు అని తేల్చడం అందుకే అంత కష్టం. అడిగితే చెప్పేవాళ్లు కూడా సగం సంగతే చెబుతారు.

పుస్తకాలకెక్కనిది

పాత వంట పుస్తకాల్లో వెతికితే ఇదంతా దొరుకుతుందా అంటే, దొరకదు. యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న బాబిలోనియా మట్టి పలకలు సుమారు క్రీ.పూ. 1730 నాటివి. వాటిలో మాంసం పులుసులు, ఉల్లి, వెల్లుల్లి, జీలకర్ర కనిపిస్తాయి. పదో శతాబ్దపు బాగ్దాద్ వంటల గ్రంథంలో ఖలీఫాల విందులుంటాయి. రాయగలిగినవాళ్లు పెద్దింటి వంటలు రాశారు. గింజను ఎన్నిసార్లు కడగాలో, ఎంతసేపు నానబెట్టాలో రాయాలని ఎవరికీ తోచలేదు, ఆ పని చేసేవాళ్లకు రాత రాదు.

రాస్తే ఎంత తేడా ఉంటుందో చూడాలంటే నికోలా అపేర్‌ను చూడాలి. గాజు సీసాల్లో ఆహారం నింపి, బిరడా బిగించి, మరిగే నీళ్లలో ఉంచితే నెలల తరబడి చెడిపోదని ఈ ఫ్రెంచ్ మిఠాయి తయారీదారు కనిపెట్టాడు. ఎందుకు చెడిపోదో ఆయనకూ తెలియదు, సూక్ష్మజీవులే చెడగొడతాయన్న పాశ్చర్ వివరణ రావడానికి ఇంకో 50 ఏళ్లు పట్టింది. కానీ పద్ధతిని అచ్చు వేయాలన్న షరతు మీద ప్రభుత్వం ఆయనకు 12 వేల ఫ్రాంకులు ఇచ్చింది. 1810లో పుస్తకం వచ్చింది, మూడేళ్లకల్లా ఇంగ్లండ్‌లో రేకు డబ్బాల ఫ్యాక్టరీ నడుస్తోంది. కారణం తెలియనితనంలో అపేర్‌కీ, సున్నంలో గింజలు ఉడికించిన స్త్రీకీ తేడా లేదు. ఆమె దగ్గరకు మాత్రం ఏ ప్రభుత్వమూ బహుమతి పట్టుకుని వెళ్లలేదు.

మనుషులు వెళ్లిన చోటికి వంట కూడా వెళ్లిన సందర్భాలున్నాయి. పచ్చి సోయా గింజల్లో మాంసకృత్తుల్ని అరగనివ్వని పదార్థాలుంటాయి. చైనాలో వాటిని నానబెట్టి, రుబ్బి, పాలు కాచి, విరగ్గొట్టి టోఫు చేయడం నేర్చుకున్నారు, పులియబెట్టడం కూడా. బౌద్ధ భిక్షువుల రాకపోకలతో టోఫు జపాన్ చేరిందని భావిస్తారు. పశ్చిమ దేశాలకు మాత్రం సోయా ఒక గింజగానే వెళ్లింది, అక్కడ ప్రధానంగా నూనెగా, పశువుల దాణాగా మిగిలింది.

కర్రపెండలం ఈ రెండు రకాల ప్రయాణాలూ చేసింది. అమెజాన్ ప్రాంతంలో పుట్టిన ఈ దుంపలో లినమారిన్ ఉంటుంది. దుంప కణాలు చితికినప్పుడు దాని నుంచి సైనైడ్ పుడుతుంది. అమెజాన్ ప్రజలు దుంపను తురిమి, అల్లిన పొడవాటి గొట్టాల్లో వేసి రసం పిండి, పెనం మీద వేయించేవారు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకులు దీన్ని ఆఫ్రికాకు తెచ్చారు. పశ్చిమ తీరంలో చాలాకాలం ఇది పెద్దగా వ్యాపించలేదు. 19వ శతాబ్దంలో బ్రెజిల్ బానిసత్వం నుంచి విడుదలై తిరిగొచ్చిన ఆఫ్రికన్లు తురమడం, పిండడం, వేయించడం తెలిసినవాళ్లు. వాళ్లు తెచ్చిన పద్ధతి వల్లే గారీ అనే వేయించిన పొడి ఆ తీరంలో పాతుకుపోయిందని చరిత్రకారులు చెబుతారు.

మధ్య, తూర్పు ఆఫ్రికా పల్లెల్లో ఇతర పద్ధతులు వచ్చాయి. నీళ్లలో రోజుల తరబడి నానబెట్టడం, పొరలుగా ఎండబెట్టడం లాంటివి. మామూలు రోజుల్లో అవి పనిచేస్తాయి. కరవు వచ్చినప్పుడు నీళ్లూ ఉండవు, ఆగే ఓపికా ఉండదు. పైగా వానలు లేనప్పుడు దుంపలో విషం పెరుగుతుంది. 1981లో మొజాంబిక్‌లోని నంపులాలో కరవు కాలంలో వెయ్యికి పైగా జనం కాళ్లు చచ్చుబడిపోయాయి, ఎక్కువమంది స్త్రీలు, పిల్లలే. కొంజో అనే ఈ పక్షవాతం ఒకసారి వస్తే మళ్లీ తగ్గదు.

దీనికి ఆస్ట్రేలియా శాస్త్రవేత్త హోవర్డ్ బ్రాడ్‌బరీ బృందం సూచించిన ఉపాయం వంటింటి పనే. కర్రపెండలం పిండిని నీళ్లతో తడిపి, చాప మీద సెంటీమీటరు మందం మించకుండా పరచాలి. ఎండలో 2 గంటలు లేదా నీడలో 5 గంటలు ఉంచితే పిండిలోనే ఉన్న ఎంజైమ్ లినమారిన్‌ను విడగొడుతుంది, సైనైడ్ ఆవిరై గాలిలో కలిసిపోతుంది. అదనపు వంటచెరకు అక్కర్లేదు, కొత్త సామాను కొనక్కర్లేదు. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో కొంజో ఉన్న గ్రామాల్లో దీన్ని ముందుగా నేర్పింది రోజూ ఆ పిండి కలిపే స్త్రీలకు. తడిపిన పిండిని మాత్రం అదే రోజు వండేయాలి, మర్నాటికి ఉంచితే పులిసిపోతుంది.